తగరం ఏడుపు

"టిన్నీగా ఉందా?" అని అడిగాడు జోరీ
చెవిమిషను మూత బిగిస్తూ.
కామ్‌బోర్న్‌లో వాన. క్లినిక్ కిటికీకి ఆవిరి పట్టి
బయట బస్సులు మసక మరకలు.

ఫారంలో ఆ మాటకెదురుగా ఒక గడి.
అందులో టిక్కు పెడితే మిషను సరిచేస్తారు.
లవ్‌డే పెంగెల్లీకి ఎనభై మూడు.
పెన్ను పట్టుకుంది గానీ టిక్కు పెట్టలేదు.

మూలన నేను, పని నేర్చుకోవడానికి వచ్చినదాన్ని.
ఏ మాట విన్నా లోలోపల తెలుగు చేసుకోవడం నా జబ్బు.
రేకుడబ్బా మోత, అని రాసుకున్నాను. చాల్లేదు.
డొల్ల? డొల్లలో కొంచెం లోతుంటుంది.
పీల? అది మనిషి గొంతుకే.
పైన తళుకు, కింద నేల లేని శబ్దం,
చవక ఫోన్లో పెద్ద పాట...
అన్నీ కొట్టేశాను.

"అబ్బాయీ, మా డెన్జిల్
ముప్పై ఒక్క ఏళ్లు తగరం తవ్వాడు,
నెత్తిమీద సముద్రం రాళ్లు దొర్లించే చోట.
తగరం ఇలా మోగదు."

సంచిలోంచి చిటికెనవేలంత కడ్డీ తీసి
జోరీ చెవి పక్కన మెల్లగా వంచింది.

కరకర కాదు, చిటపట కాదు.
పళ్లు బిగబట్టి
ఎవరో ఆపుకున్న ఏడుపు.

"దాన్ని తగరం ఏడుపంటారు.
మళ్లీ మళ్లీ వంచితే ఏడవడం మానేస్తుంది.
గని మూసిన ఏడాది డెన్జిల్ కూడా అంతే."

కీబోర్డు మీద జోరీ వేళ్లు అలాగే ఆగాయి.

అప్పుడు తట్టింది నాకు, కంచు.
మా భాషలో కంచుకంఠం అంటే మెప్పు,
మైకు లేకపోయినా వెనకవరస దాకా అందే గొంతు.
కంచులో రాగే ఎక్కువ. కానీ రాగి ఒక్కటే మొద్దు,
అందులో కలిసిన కాస్త తగరమే దాన్ని పలికిస్తుంది.
మెచ్చుకునేటప్పుడు ఆ సంగతి ఎవరికి గుర్తుంటుంది?
ఇన్నేళ్లూ నాకే లేదు.

తడబడుతూ, వాళ్ల ఇంగ్లీషులో చెప్పాను.
ఆమె కాసేపు నా నోటి వంకే చూసింది,
విన్నదో, పెదాలు చదివిందో.
"మంచి భాష" అంది. అని, జోరీ వైపు తిరిగి:
"ఇది మాత్రం తగరం కాదు. ప్లాస్టిక్కు. అలాగే రాయి."

'ఇతరములు' గడిలో జోరీ అలాగే రాశాడు.
నా నోటుబుక్కులో ఆ మాట పక్కన ఇంకా ఖాళీయే.

ఆమె వెళ్లాక చూస్తే కడ్డీ బల్లమీదే ఉంది.
వంచి చూడబోయి మానేశాను,
అందులో ఇంకెన్ని ఏడుపులు మిగిలాయో తెలియక.