అర టికెట్టు

బ్లేడు పెట్టి పాత గోలీని కోస్తే
ఎన్నడూ సమానంగ తెగదు.
పెద్దముక్క ఇయ్యాల్టికి. చిన్నది ఎల్లుండికి.
నడుమ రేపు, పాతది లేని దినం.
కొత్తది మాత్రం రోజూ, పొద్దుగాల తిన్నంక,
పెసరుగింజంత పచ్చ గోలీ,
నా ఒంట్ల ఇంకా సీటు దొరకక నిలబడ్డది.

"దిగేటోళ్లు దిగినంక ఎక్కేటోళ్లు ఎక్కాలె, మీ బస్సు లెక్కనే"
అన్నది గడియారం సెంటరు డాక్టరమ్మ.
మా బస్సుల ఎవరు ఆగుతరు మేడం?
ఒక్కటే డోరు. దిగేటోళ్లు, ఎక్కేటోళ్లు
మెట్ల మీదనే ఇరుక్కుంటరు.
నేను నడుమ నిలబడి రైట్ రైట్ అంటున్న.

తెల్లారగట్ల నాలుగున్నర, దేవరకొండ డిపో.
నోరు ఎండకాలం డిండి వాగు.
ఆవులింత మీద ఆవులింత.
రాత్రి పడుకున్నది లెక్కకు రాదు,
కలల గూడ డ్యూటీయే చేసిన:
బస్సు నిండ చేపలు, అన్నిటికీ చిల్లర కావాల్నట.

అన్నిటికంటె పాడుది ఆ జివ్వు.
కన్ను ఎడమ నుంచి కుడికి తిరిగితే చాలు
తలల, తడిచేత్తోని స్విచ్చి ముట్టినట్టు.
నొప్పి గాదు. నొప్పయితే చెప్పుకుందును.
ఆడోళ్లది సున్నా టికెట్టు:
కార్డు చూడాలె, మొఖం చూడాలె.
ఒక్కొక్కరికి రెండు జివ్వులు.
గుర్రంపోడు వచ్చేవరకు డెబ్బై మంది.
లెక్క మీరే కట్టుండ్రి.

నాలుగో దినం ఉపాయం దొరికింది.
"కార్డు బుగ్గకు ఆనిచ్చి పట్టుకోండ్రమ్మా" అన్న.
ఫోటో దిగుతున్నట్టు నవ్వుకుంట పట్టిన్రు,
పత్తి ఏరబోయేటోళ్లు, బీఈడీ పిల్లలు,
బత్తాయి గంపతోని కనగల్ల ఎక్కిన ముసలమ్మ.
ఆమె ఏం అడగలే. తొక్క గిల్లి నా చేతుల పెట్టింది.
"వాసన చూడు, కక్కు ఆగుతది."
ఆగింది, నల్లగొండ దాక.

డ్రైవరు జానిమియాకు ఒక్కనికే చెప్పిన.
అప్పటిసంది మూల ముంగట
"అక్కా, మలుపు" అంటడు, అద్దంల చూడకుండ.

పాత గోలీని తప్పు పట్టను.
రెండేండ్ల కింద నన్ను మంచంల నుంచి లేపి
యూనిఫారం తొడిగిచ్చింది అదే.
కాకుంటే ఏడుపు దారి గూడ మూసేసింది.
అమ్మ పెద్దకర్మ నాడు అందరూ నా కండ్లే చూసిన్రు.
నేను విస్తర్లు లెక్కపెట్టిన.

తొమ్మిదో దినం ఒక తల్లి
"పోరనికి నాలుగేండ్లే" అన్నది.
"ఏడు" అన్నడు వాడు, ఏడు వేళ్లు చూపి.
అర టికెట్టుకు అంత గొంతు లేపాల్నా?
బస్సంత చప్పుడు బందయింది.
ఎనక సీటుకు పోయి, బ్యాగు ఒళ్లె పెట్టుకొని
కనగల్ దాక ఏడ్చిన.
పోరనికా, గోలీకా, అమ్మకా,
ఎవరి ఖాతాల రాయాల్నో తెల్వదు.

డాక్టరమ్మకు ఫోను చేసిన.
"రోజిడిసి రోజు నీకు పడుతలేదు,
రోజూ చిన్నముక్కే వేసుకో. నీ అంతల నువ్వు ఆపకు" అన్నది.
ఆ ఏడుపు గోలీదా, నాదా అని అడిగిన.
కొద్దిసేపు ఏం మాట్లాడలే.
"రాసి పెట్టు" అన్నది.

అందుకే ఎస్సారు కాయితం ఎనక రాస్తున్న:
పద్నాలుగో దినం. జివ్వులు ముప్పై ఒకటి, నిన్న యాభై.
చెమట ఉన్నది. చాయ్ల అల్లం తెలిసింది.
కొండమల్లేపల్లిల ఒకడు ఐదువందల నోటిచ్చిండు, తిట్టలే.

రేపటి చిన్నముక్కను
చింపిన టికెట్టుల చుట్టి బ్యాగుల ఏసిన,
రూపాయి బిళ్లల నడుమ.
చిల్లర ఇచ్చేటప్పుడు
చూసుకొని ఇయ్యాలె.