మెతుకు లేని పాతర

మా అవ్వకి పాతర ఉండేదంట
వాకిట్లో, మనిషి లోతు.
గడ్డి పరిచి, రాగులు పోసి,
రాతిపలక మూసి, పేడతో అలికేసి
దాని మీదే కూచుని పేన్లు చూపించుకునేదంట,
కరువొచ్చి అడిగితే
ఇక్కడేముంది నాయనా అన్నట్టు.

నాది అటక మీద.
నీలం డ్రమ్ము, బిగుతు మూత,
రంగుల కొట్టోడి దగ్గర బేరమాడి నూటముప్పై.
అవ్వ దాచింది వాన రాని ఏటి కోసం.
నేను, వాన వదలని మూడు రోజుల కోసం.

నీవా అంటే ఏరని పేరే గాని
పదకొండు నెలలు దాంట్లో పందులు పొర్లాడతాయి.
ఆ కార్తీకంలో మాత్రం
రాత్రి రెండింటికి, తలుపు తట్టకుండానే లోపలికొచ్చింది.
గ్యాసుబండ తేలింది. రుబ్బురోలు మునిగింది.
మిద్దె మీద పద్నాలుగు మందిమి,
టార్పాలిన్ ఒకటే.

పడవలో పొట్లాలొచ్చాయి.
పులిహోర. బన్ను. అరటిపండు. మళ్లీ పులిహోర.
ఎవరో పుణ్యాత్ములు, వాళ్ల చేతులు చల్లగుండ!
లోకంలో దయంతా బియ్యంలోనే ఉడుకుతుందని
నాకారోజు తెలిసింది.
ఆకలి రుచెరగదంటారు,
చక్కెర కూడా ఎరగదు. తిన్నాను.
మూడోనాటికి కళ్లముందు చీమలు పాకినాయి.
పెద్దాసుపత్రిలో నర్సమ్మ మీటరు చూసి
మిషను తప్పేమోనని ఇంకో వేలు పొడిచింది.

బడిలో నూటెనభై మందికి అన్నం వార్చే చెయ్యి నాది.
నాకు దక్కేది ఆవిరి.

మళ్లీ మబ్బులు దిగుతున్నాయి, డ్రమ్ము దించాను.
వేయించిన చెనిక్కాయలు రెండు శేర్లు.
ఎండుకొబ్బరి. నువ్వులపొడి. అవిసెల కారం.
గుమ్మడిగింజలు, బడి సాంబారుకి కాయ కోసినప్పుడల్లా
పారెయ్యనియ్యకుండా కడిగి ఎండబెట్టినవి.
నెయ్యి. ఉప్పుకండలు.
ఎండుచేపలు మూడు కవర్లలో చుట్టినా
ఎదురింటి పిల్లి మా అటకకి మొక్కుకుంటా కూచుంది.
సూదిమందుకి కరెంటు లేని చలి కావాల కదా,
కుండలో కుండ, నడుమ తడి ఇసుక.
ఇసుక నీవాదే.

"వరదకి బొరుగుల్లేకుండా ఎట్ల మే?" అంటాడు మునిచంద్ర.
ఆయనే అర్ధరాత్రి స్టూలెక్కి
గుప్పెడు చెనిక్కాయలు దించుకుంటాడు.
పొద్దున్నే డబ్బా ఎత్తితే బరువు చెబుతుంది నాకు.
ఏమీ అనను.
పాతది తింటేనే గదా కొత్తది పోసేది.

డాక్టరు పరిమళమ్మకి జాబితా చూపించాను,
ఇంటిలెక్క చూపించే పిల్లలాగా.
అంతా చదివి అడుగున ఒక మాట రాసింది:
చక్కెర, పావుకిలో.
"సూది వేసుకున్నాక తిండి అందలేదనుకో,
ఒళ్లంతా చెమట పట్టి వాలిపోతావు.
అప్పుడు నిన్ను లేపేది ఇదొక్కటే."
నాలుగేళ్లుగా గడప తొక్కనియ్యని దాన్ని
హార్లిక్స్ సీసాలో పోసి, మూతకి ఎర్రదారం కట్టి
అన్నిటికన్నా పైన పెట్టాను,
చీకట్లో తడిమితే తగిలేట్టు.

ఇంక మూత బిగించాల.
బిగించబోతే
ఆ పద్నాలుగు మొహాలు గుర్తొచ్చాయి.
వాళ్లు చూస్తా ఉండగా
నేనొక్కదాన్నే కొబ్బరి కొరుక్కోవాలా,
టార్పాలిన్ మూలకి తిరిగి, దొంగలాగా?

సాయంత్రం హైరోడ్డుకి పోయి
నాలుగు పడుల బొరుగులు తెచ్చాను.
బరువే లేదు, మూటెడు మేఘం.
డ్రమ్ములో పట్టలేదు.
దూలానికి వేలాడదీశాను.

ఇప్పుడు చినుకులు మొదలయ్యాయి.
గాలికి మూట ఊగుతోంది.
దీపం తీసేశాను,
స్టూలు జరుగుతున్న చప్పుడు.