ఇతరములు

మార్చి ముప్పై. సాయంత్రం అయిదున్నర.
రేపటికల్లా పైకి పోవాల్సిన పట్టిక
నా ముందు ఇంకా సగం ఖాళీ.
డిజిటల్ టెక్నాలజీ కేంద్రం, రెండో అంతస్తు,
అధ్యాపకుల పరిశోధనలు, సాధించిన విజయాలు.
ఆరు గడులు: ప్రచురణలు, పేటెంట్లు, నిధులు,
ఉటంకింపులు, అవార్డులు,
చివరన ఇరుగ్గా, ఇతరములు.

అఫ్సర్ జహాన్ మేడం పేరెదుట
ప్రచురణలు ఒకటి. పేటెంట్లు దగ్గర గీత.
నాలుగేళ్లుగా ఆమె మిషనుకు
మనిషి మాట వినడం నేర్పుతోంది.
మొదట్లో దానికి పుస్తకం మాటే తెలుసు.
మోండా మార్కెట్ బాలనర్సవ్వ
"గీడ పెట్టు బిడ్డా" అంటే
"గీత పెట్టు" అని రాసుకుంది.
మేం నవ్వాం. మేడం నవ్వలేదు.
మర్నాడు తెల్లవారుజామున నాలుగింటికి
రికార్డరు దుపట్టాలో చుట్టుకొని మార్కెట్టుకు పోయింది.
కొత్తిమీర కట్టల మధ్య, హమాలీల కేకల మధ్య
ఎనిమిది వందల గంటల గొంతులు.
వాటిలో దగ్గులున్నాయి, బూతులున్నాయి,
చిల్లర లెక్క దగ్గర తెగిపోయిన
ఒక కూనిరాగం ఉంది.

శోభన్ సారుది నీళ్ల గోల.
మూసీ మట్టం కొలిచే డబ్బా చేశాడు.
మొదటిదాన్ని ఎలుకలు కొరికాయి.
రెండోది చాదర్‌ఘాట్ దగ్గర ఎవరో ఎత్తుకుపోయారు.
మూడోదానికి బస్తీ పిల్లలు
బుజ్జిగాడని పేరు పెట్టి కాపలా కాశారు.
సెప్టెంబరులో ఒక రాత్రి, రెండుంబావుకి
బుజ్జిగాడు అరిచాడు.
నలభై ఇళ్ల వాళ్లు బడి మేడ మీదికి ఎక్కారు
చంకలో పిల్లలు, నెత్తిన బియ్యం, ఒకరి చేతిలో కోడి.
ఆ వారమే సారు వ్యాసం తిరిగొచ్చింది.
నమూనా చాలా చిన్నదట.

పోయిన నెల బాలనర్సవ్వ మా ల్యాబుకొచ్చింది.
చెప్పులు బయట విడిచి, మైకుకు దండం పెట్టి మాట్లాడింది.
తెర మీద అక్షరాలు వరసగా లేచాయి.
ఆమెకు చదువు రాదు. నేను చదివి వినిపించాను.
"గిది నా మాటనేనా?"
వేలితో తడిమి చూసింది.
అద్దం మీద ఆకు వాసన
మధ్యాహ్నం దాకా తుడవలేదు నేను.

ఇతరములు గడిలో యాభై అక్షరాలే పడతాయి.
ఇరవై రెండేళ్ల నౌకరీలో
అందరి విజయాలూ గ్రాంథికంగా కొట్టిన వేళ్లు
ఇవాళ ఎందుకో కదల్లేదు.
మైకు దగ్గరికి వంగి
మా జనగామ మాటలనే చెప్పిన:

మూసీ కాడ నలభై ఇండ్లోళ్లు పానంతోని ఉన్నరు
మోండాల బాలనర్సవ్వ మాట మిషనుకు ఇనవడ్డది
గియ్యన్ని ఏ గడిల రాయాల్నో జర చెప్పుం

గడి నిండింది.
పచ్చ దీపం ఆరలేదు.
నేను చెప్తనే ఉన్న,
అది ఇంటనే ఉన్నది.