చెక్కని రాళ్లు

తాళంచెవి నా జానకన్నా పొడవు.
ఎడమకు తిప్పి, భుజంతో ఒక్క నెట్టు నెట్టాలి,
లేకపోతే సెయింట్ ఆస్వాల్డ్ చర్చి లోపలికి రానివ్వదు.
పదకొండేళ్లుగా ఈ భుజానికి అదే పని.

కళ్లు చీకటికి అలవాటు పడ్డాక స్తంభాలు లేస్తాయి.
ఉత్తరాన అయిదు, దక్షిణాన అయిదు.
వాటి మీద కోసుగా కలిసే కమానులు,
తగువు తేలక నుదుళ్లు ఆనించుకున్న అన్నదమ్ముల్లా.

పద్దెనిమిది వందల యాభై తొమ్మిదిలో పునాది.
డబ్బు నూలుమిల్లు సెప్టిమస్ హార్‌గ్రేవ్‌ది.
నక్షా గీసినాయన మాంచెస్టర్ నుంచి వచ్చాడు,
పదమూడో శతాబ్దమంటే పడి చచ్చేవాడు.
పొగగొట్టాల మధ్య నిలబడి
పొగగొట్టాలు లేని ఇంగ్లండుకు కొలతలు తీశాడు.

చెక్కింది మాత్రం జేబెజ్ లంబ్.
మొదటి స్తంభం నెత్తిన ఓక్ ఆకులు.
రెండోదాని మీద ఫెర్న్, విచ్చుకోని చుట్టలతో సహా.
మూడోదాని మీద ఐవీ తీగ,
తీగ కింద, ఎవరూ అడగని ఒక నత్త.
నత్తకి కూలి ఇవ్వలేదని లెక్కల పుస్తకంలో ఉంది.

నాలుగో స్తంభం దగ్గర అమెరికాలో యుద్ధం మొదలయింది.

లివర్‌పూల్ రేవులో పత్తి దిగలేదు.
మగ్గాలు ఆగాయి, పొగ ఆగింది,
ఈ లోయ మీద ఆకాశం బయటపడింది.
దాన్ని చూసే ఓపిక ఎవరి కడుపులోనూ లేదు.
సగం లేచిన శిఖరానికి పలకల టోపీ పెట్టారు,
ఇప్పటికీ తీయలేదు.
మిగతా ఏడు స్తంభాల నెత్తినా ఉత్త చదరపు దిమ్మలు.
కప్పు మీది సీసం కోసం దొంగలు మూడుసార్లు వచ్చారు,
వాటి వైపు చూడనైనా లేదు.

జేబెజ్‌ని కరువు పనిలో వేశారు.
రోజుకి రెండు షిల్లింగులు, రోడ్డు అంచురాళ్లు కొట్టడం.
ఏడు స్తంభాలకి సరిపడా ఆకులు చేతిలో ఉంచుకునే
మిల్ బ్యాంక్ వీధి పొడవునా
తిన్నగా, మొద్దుగా, అంచులు తీశాడు.

పోయిన నవంబరులో, బడి గేటు దగ్గర,
బూటు లేసు కోసం వంగిన నా మనవరాలు టిల్డా అంది:
"తాతా, ఈ నత్త రాయికి అతుక్కుపోయింది, ఊడట్లేదు."

వేలితో తడిమాను.
వానకి వీపు అరిగింది. చుట్ట మిగిలింది.

చర్చి కమిటీకి చెప్పలేదు.
కౌన్సిలుకి అసలే చెప్పలేదు.
మంచు పడే రోజుల్లో
రోడ్డు మీద ఉప్పు చల్లే బండి వచ్చినప్పుడు మాత్రం
వెళ్లి ఆ రాయి మీద నిలబడతాను.