ఫిల్టర్ మూత లోపల

సముద్రం పక్కనుంచి వచ్చింది ఇది.
ఇకీకే రేవులో ఎవరో తోలి తోలి వదిలేస్తే
ఎవెలియో కొని, కడిగి, కొత్త స్టిక్కర్లు అతికించి
"చర్చికి తప్ప ఎక్కడికీ వెళ్ళని బండి, సెన్యోరా" అన్నాడు.
సీటు స్పంజిలోంచి ఇసుక రాలుతూనే ఉంది.
ఏ చర్చి అని నేనడగలేదు.

ప్లగ్గు విప్పించి, ఆ కన్నం మీద బొటనవేలు నొక్కిపెట్టి
కిక్ కొట్టమన్నాను.
వేలు ఊడొచ్చినంత పనయింది.
ఆ ఒక్క తోపుకే మనసులో కొనేశాను.
మొహం మాత్రం ముడుచుకుని
వెనక చక్రం పట్టుకు ఊపి, లొడలొడ వినిపించి
ఆరొందల బొలీవియానోలు తగ్గించాను.
రొట్టెలమ్మేదాన్ని, బేరం తెలియకపోతే ఎలా?

ఒరురో చేరాక మొండికేసింది.
పదిసార్లు తంతే ఒకసారి దగ్గి
ప్లగ్గంతా మసి, తడి.
మాది మూడువేల ఏడొందల మీటర్ల ఎత్తు.
కిందనుంచి వచ్చిన చుట్టాలు
మొదటి రోజు తల పట్టుకు పడుకుంటే
కోకా ఆకు మరిగించి ఇస్తాం.
"దీనికీ అదే జబ్బు వదినా,
గాలి పలచనైన చోట తిండి తగ్గించాలి"
అంది నిల్దా, గోడ మీద కూర్చుని కాళ్ళూపుతూ.
నూట డెబ్భైరెండో నంబరు జెట్ తీసి
నూట యాభైఎనిమిదిది బిగించాను.
సూదిని ఒక మెట్టు దించాను.
రెండో తన్నుకి అందుకుంది.
వీధిలో కుక్కలన్నీ లేచి నిలబడ్డాయి.

ఆ వారమే, ఎయిర్ ఫిల్టర్ మూత తీస్తే లోపల
మార్కరుతో తేదీలు.
ఆయిల్. రింగులు. చైను. మళ్ళీ ఆయిల్.
ఒక చోట: "ఈ ఆదివారం చెయ్యలేదు, బద్ధకం."
ఆ తర్వాత పద్నాలుగు నెలల ఖాళీ.
కాలు విరిగిందో, బిడ్డ పుట్టిందో, ఉత్తినే విసుగొచ్చిందో.
చివరి తేదీ ఎవెలియోకి అమ్మిన ముందురోజుది.
ఆయిల్, అని.
రేపు పరాయిదయ్యే బండికి
ఇవాళ ఆయిల్ మార్చినవాడు
ఎవరోగాని, వాడంటే నాకు గురి కుదిరింది.

రాత్రి రెండింటికి పిండి కలుపుతాను.
మధ్యాహ్నం రెండింటికి హెల్మెట్ పెడతాను.
నిన్న పోఓపో సరస్సు దాకా పోయాను.
సరస్సని అలవాటుకొద్దీ అంటున్నాను.
చుక్క నీరు లేదు.
మూడో గేరు, నాలుగో గేరు,
పెగ్గుల మీద నిలబడితే
నేల నా కింద చాపలా చుట్టుకుపోతోంది,
గొంతు చించుకు అరిచాను, పాటో తిట్టో నాకే తెలీదు.
ఒరిగిన పడవ పక్కన మళ్ళీ దగ్గి ఆగింది.

పాత ప్లగ్గు విప్పుతుంటే
ఎక్కణ్ణించో ఒక ముసలాయన,
ఊలు టోపీ, చేతిలో తాడు ముక్క.
చాలాసేపు నా స్పానరునే చూశాడు.
తర్వాత హ్యాండిల్ కంటే జానెడు పైన
గాలిలో అరచెయ్యి పెట్టి
"ఇక్కడిదాకా ఉండేవి నీళ్ళు" అన్నాడు.
ఆ చెయ్యి దించలేదు.
ఏమనాలో తోచక
సంచిలోని రొట్టె తీసిచ్చాను.
సగం విరిచి నాకే ఇచ్చి, నమిలి,
"ఉప్పు తక్కువ" అన్నాడు.
కొత్త ప్లగ్గుతో బండి లేచింది.
ఆయన చెవులు మూసుకుని నవ్వాడు.

ఇంటికొచ్చి చైను తుడిచి, నూనె పెట్టి
వదులు మూడువేళ్ళా అని కొలిచి
ఫిల్టరు తీసి కడిగాను.
ముందు పెట్రోల్లో, తర్వాత సబ్బునీళ్ళలో.
బకెట్టు అడుగున బూడిదరంగు బురద దిగింది.
పారబోయబోయి ఆగాను.
నిన్నటిదాకా సరస్సు అడుగిది.
ఏం చెయ్యను, దాచుకోనా?
కాసేపు చూసి, పెరట్లో బంగాళాదుంప మళ్ళో పోశాను.

ఆరిన స్పంజికి జిగురు నూనె పోసి
మూలమూలలా పట్టేదాకా పిసికాను,
అది మాత్రం నాకెవరూ నేర్పక్కర్లేదు.
మూత బిగించే ముందు
అతని ఆఖరి తేదీ కింద నా తేదీ రాశాను.
ప్లగ్గు. ఫిల్టరు.
ఇంకో మాట రాద్దామని మార్కరు పట్టుకు కూర్చుంటే
నిల్దా లోపల్నుంచి అరిచింది, ఈస్టు ఎక్కడ పెట్టావని.