ఫిల్మ్ బ్యాడ్జి

రువైస్‌లో తెల్లవారుజామున నాలుగున్నర.
వెల్డింగు అతుకు మీదికి ఇరిడియం తోసి
తాడు ఇవతలికి వచ్చి నిలబడ్డాం.
ఏడు నిమిషాలు.
కంటికి కనపడనిదేదో ఇనుములోంచి నడుస్తోంది.

రాజలింగు మెడ ఎత్తాడు.
"అగో, పోతాంది."
నడి ఆకాశంలో ఉన్నట్టుండి వెలిగి
సముద్రం వైపు జారుతున్న, మిణకని చుక్క.
అందులో మనుషులున్నారు.

వాళ్లూ మాలాగే బ్యాడ్జి పెట్టుకుంటారట.
ఆరు నెలల్లో వాళ్లకు తగిలేది
మాకు ఐదేళ్ల కోటా.
కళ్లు మూసుకున్నా మెరుపులేనట,
ఎక్కడో పగిలిన నక్షత్రపు రవ్వ
కంటిపాపలోంచి దూరిపోతుందట.
అక్కడ తాడు కట్టే చోటేదీ?

"బరువే లేకుంటే హాయే గదన్నా"
అన్నాడు, సాయంత్రమంతా సీసపు దిమ్మలు మోసినవాడు.
చెప్పాను:
మోయడానికేమీ లేకపోతే
ఎముక తన సున్నాన్ని తానే వదిలేసుకుంటుంది,
నెలనెలా కొంచెం, ఉచ్చలో.
దిగినరోజు మనిషిని ఇద్దరు పట్టుకోవాలి.

వాడు నడుం తడుముకున్నాడు.
పోయిన జూన్ ఎండకి కిడ్నీలో రాయి కదిలిన చోటు.
నీళ్ల సీసా సగం తాగి మిగతాది నాకిచ్చాడు.
అప్పుడు చూశాను, వాడి జేబు ఖాళీ.

"నీ బ్యాడ్జేదిరా?"
"రూంల ఉంది. నిండితే ఓటీ ఆపుతరు."

చుక్క నీళ్ల అంచుకి దిగింది.
వాళ్లలోనూ కోటా నిండినవాళ్లను మళ్లీ పంపరట.
ఎవరైనా దాచిపెట్టి ఎక్కుతారా
అని అడగబోయాను.
టైమరు మోగింది. మీటరు పట్టుకుని
వాడే ముందు నడిచాడు.