చదరపు మీటరు

నాలుగు వెదురు పుల్లలు, ఒక జనపతాడు.
ఖానాపురం బడి వెనుక, పాకాల కాలువ గట్టు మీద
మీటరు పొడుగు, మీటరు వెడల్పు కొలిచి పాతినం.
"ఇల్లు కడుతున్నమా టీచర్?" అన్నడు ఈర్యా.
కాదురా, ఇది కట్టి ఉన్న ఇల్లే.
లోపల ఎవరెవరున్నరో రాసుకోవాలె,
జనాభా లెక్కలోళ్లు మీ తండాకొచ్చి రాసుకున్నట్టు.

ఆరేండ్లు ఈ పాఠాన్ని నల్లబల్ల మీద చెప్పిన.
సూర్యుడి నుంచి గడ్డికి ఒక బాణం,
గడ్డి నుంచి మిడతకు ఒక బాణం.
సుద్దముక్క అరిగింది గానీ
ఒక్క మిడతా ఎగరలేదు.

గరిక పోచలు లెక్కపెట్టలేక వదిలేసినం.
తుమ్మి మూడు. ఉత్తరేణి రెండు, దాని ముళ్లు యాకూబ్ లాగుకు.
వయ్యారిభామ ఒకటే, కానీ సగం జాగ దానిదే.
"గునుగు పదకొండు" అన్నది సారక్క.
పువ్వు లేదు కదే, ఎట్ల గుర్తుపట్టినవ్?
"బతుకమ్మకు ఇంకా నెలన్నర ఉంది కదా టీచర్,
పువ్వెట్లుంటది?"
అంటే ఆకును చూస్తలేదు ఈ పిల్ల,
రాబోయే నెలను చూస్తున్నది.

ఒక మూలకు చచ్చిన కప్ప.
"చచ్చినదాన్ని ఉన్నట్టు రాయాల్నా, లేనట్టా?"
వంగి చూడు.
చీమలు, ఈగలు, పేరు తెలియని తెల్లపురుగులు,
ఈ మీటరులో అన్నిటికన్న ఎక్కువ రద్దీ
ఆ కప్ప మీదనే.

మిడత పది రూపాయల గడ్డి తింటే
ఒంటికి పట్టేది రూపాయే.
మిగిలినదంతా దూకిన ఖర్చు, ఊపిరి ఖర్చు.
ఆ మిడతను మింగిన తొండకు పది పైసలు.
అందుకే గడ్డి అంత, తొండ ఇంత, డేగ ఎక్కడో ఒకటి.
యాకూబ్ నవ్విండు:
"మా అబ్బా ఆటో లెక్కనే ఉన్నది టీచర్,
డీజిల్‌కే పోతది మొత్తం."
పరీక్షలో ఇట్లనే రాయమన్న.

పక్క పత్తిచేన్ల ఇంకో చదరం వేసినం.
పత్తిమొక్కలు నాలుగు.
మిగతా గడులన్నీ సున్న.
మందు వాసనకు ముక్కు మూసుకొని
సున్నలు దిద్దిండు ఈర్యా. అది వాళ్ల చేనే.
"తప్పా టీచర్?" అన్నడు మెల్లగా.
సున్న కూడా లెక్కనేరా, కొట్టెయ్యకు.
అప్పు ఎంత ఉందో అడగలేదు నేను.
ఆ గడి నా పట్టికలో లేదు.

గంట కొట్టే వేళకు సారక్క మళ్లీ:
"ఎండను ఏ గడిలో రాయాలె?"
గట్టు మీద అందరం నిలబడే ఉన్నం,
మా నీడలు చదరం మీద పడి ఉన్నయి.
పక్కకు జరగండి, ముందు దాన్ని లోపలికి రానియ్యండి
అన్న. అంతకన్నా జవాబు తోచలేదు.

రాత్రి ముసురు పట్టింది. వారం రోజులు వాన.
తాడు విప్పుడు మరిచినం.
పోయి చూస్తే పుల్లలు నాలుగూ ఉన్నయి,
తాడును చెదలు తిన్నయి.
గరిక మూడుదిక్కులా బయటికి పాకింది,
కప్ప ఉన్న చోట ఒక పచ్చని మచ్చ.

"ఇప్పుడు లోపల ఏది, బయట ఏది?" అని ఈర్యా.
పుల్లలు పీకి చేతికిచ్చిన.
పట్టికలో అడుగున, చెదలు, అని రాసి
ఎన్ని అన్న చోట
ఖాళీగా వదిలిండు.